జంట సైలెన్సర్ల ట్యూనింగ్: మంచు కొండల నుంచి జగిత్యాల ఎండ దాకా

టూ స్ట్రోక్ ఇంజన్ నుంచి పొగను బయటికి తీసుకుపోయే గొట్టం పొడవు, లావు, లోపలి కోనుల ఆకారం ఇంజన్ తిరిగే వేగానికి సరిపడేలా కుదర్చడమే పైపు ట్యూనింగ్. రెండు సిలిండర్ల ఇంజన్‌కు సిలిండర్‌కొక పైపు పెట్టి, రెండూ ఒకే తీరుగా పనిచేసేట్టు చూడటం జంట పైపుల ట్యూనింగ్. అమెరికా, కెనడా మంచు కొండలెక్కే స్నోమొబైల్ బండ్లకు ఈ పని చేసిచ్చే వర్క్‌షాపులు ప్రత్యేకంగా ఉన్నాయి. మంచు ముఖం చూడని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల రోడ్ల మీద ఇదే శాస్త్రం జావా, యెజ్డీ, రాజ్‌దూత్ 350 బండ్లకు కుడి ఎడమల మెరిసే సైలెన్సర్ల లోపల ఉంది.

ఈ విషయంలో ముందుగా గ్రహించాల్సింది, టూ స్ట్రోక్ బండికి సైలెన్సర్ ఇంజన్‌లో భాగమని. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో వచ్చే గాలి, పెట్రోలు మిశ్రమాన్నీ పోయే పొగనూ ఆపడానికి, వదలడానికి వాల్వులు ఉంటాయి. మామూలు టూ స్ట్రోక్ బండికి అలాంటి వాల్వులు లేవు. సిలిండర్ గోడకున్న రంధ్రాలను పిస్టనే మూస్తూ తెరుస్తూ ఉంటుంది. కొత్త మిశ్రమం లోపలికి వచ్చే దారీ, పాత పొగ బయటికి పోయే దారీ కొంతసేపు రెండూ తెరిచే ఉంటాయి. ఆ కాసేపు వాల్వు చేయాల్సిన పని పైపు చేస్తుంది. అది సరిగ్గా చేస్తే బండి లాగుతుంది. చేయకపోతే కాలని పెట్రోలు పొగతో కలిసి బయటికి పోతుంది. పికప్ లేదనీ మైలేజీ రావట్లేదనీ కార్బొరేటర్ విప్పే ముందు సైలెన్సర్ చూడమని అనుభవమున్న మెకానిక్‌లు చెప్పేది ఇందుకే.

ఊళ్లు, బండ్లు

జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు 2016 అక్టోబర్ 11న పాత కరీంనగర్ జిల్లా నుంచి విడివడ్డాయి. కోరుట్ల జగిత్యాల జిల్లాలోని మున్సిపల్ పట్టణం. నిజామాబాద్, ఆర్మూర్ మీదుగా మంచిర్యాల వైపు సాగే 63వ నంబర్ జాతీయ రహదారి మీద మెట్‌పల్లికీ జగిత్యాలకూ నడుమ ఉంటుంది. సిరిసిల్ల మరమగ్గాల పట్టణం. పాత బండి నంబర్ ప్లేటు మీద ఏపీ 15 అని ఉంటే అది ఉమ్మడి కరీంనగర్ బండి. జిల్లాల విభజన తర్వాత జగిత్యాలకు టీఎస్ 21, సిరిసిల్లకు టీఎస్ 23 వచ్చాయి. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీఎస్ పోయి టీజీ వచ్చింది.

1980ల్లో, 90ల్లో తెలంగాణ పట్టణాల్లో తిరిగిన ద్విచక్ర వాహనాల్లో ఎక్కువ భాగం టూ స్ట్రోకులే. బజాజ్ చేతక్, లూనా, టీవీఎస్ 50, సుజుకీ మ్యాక్స్ 100, యమహా ఆర్ఎక్స్ 100, హైదరాబాద్‌లో తయారైన ఆల్విన్ పుష్పక్ స్కూటర్ అన్నీ ఆ కోవలోవే. వీటన్నిటికీ ఒకటే సైలెన్సర్. జంట పైపుల ఠీవి జావా, యెజ్డీలదీ, ఆ తర్వాత రాజ్‌దూత్ 350దీ.

జావా చెకోస్లొవేకియా బండి. మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1961లో పని మొదలుపెట్టింది. 1970ల్లో యెజ్డీ పేరు వచ్చింది, 1978లో రోడ్‌కింగ్ మోడల్ వచ్చింది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. ఈ 250 సీసీ బండ్లలో ఒక విశేషం ఉంది. ఇంజన్‌కు సిలిండర్ ఒకటే, సైలెన్సర్లు మాత్రం రెండు. ఒకే సిలిండర్ ముందువైపు రెండు ఎగ్జాస్ట్ రంధ్రాలు పెట్టి, ఒక్కోదానికి ఒక్కో బెండు పైపు బిగించి, కుడి ఎడమలకు పంపారు.

రాజ్‌దూత్ 350 సంగతి వేరు. జపాన్ యమహా ఆర్‌డీ 350ని ఎస్కార్ట్స్ కంపెనీ 1983 నుంచి మన దేశంలో తయారు చేసింది. 347 సీసీ, పక్కపక్కన రెండు సిలిండర్లు, ఒక్కోదాని బోరు 64 మిల్లీమీటర్లు, స్ట్రోకు 54 మిల్లీమీటర్లు, ఆరు గేర్లు. సిలిండర్‌కొక కార్బొరేటర్, సిలిండర్‌కొక పైపు. అచ్చమైన జంట పైపుల ఇంజన్ అంటే ఇదే. జపాన్ బండి 39 హార్స్‌పవర్ ఇచ్చేది. మన దగ్గర మైలేజీ కోసం ట్యూనింగ్ తగ్గించి మొదట 30.5కు, తర్వాత 27 దగ్గరకు దించారు. మొదటి రకాన్ని హై టార్క్ అనీ రెండోదాన్ని లో టార్క్ అనీ పిలుస్తారు. రెండింటి సైలెన్సర్లూ వేరు. ఈ బండి మీద మక్కువ ఉన్నవాళ్లు ఇప్పటికీ హెచ్‌టీ పైపులా, ఎల్‌టీ పైపులా అని అడిగి మరీ కొంటారు. ఇంజన్ బ్లాకుకు ఎంత విలువ కడతారో పైపుకూ అంతే కడతారు. అది సరైన లెక్కేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

పైపు లోపల

రేసింగ్ టూ స్ట్రోక్ పైపును కోసి చూస్తే అయిదు భాగాలు కనిపిస్తాయి. సిలిండర్‌ను ఆనుకుని ఉండే బెండు పైపు, ఆ తర్వాత మెల్లగా విప్పారే కోను, నడుమ లావుపాటి పొట్ట, ఆ వెనుక త్వరగా సన్నబడే కోను, చివర సన్నని తోక పైపు. మామూలు బండి సైలెన్సర్‌లో ఇవన్నీ ఒకే క్రోమ్ తొడుగు లోపల దాక్కుంటాయి. తోక పైపు దగ్గర చప్పుడు తగ్గించే జాలి అదనంగా ఉంటుంది.

మిశ్రమం మండి, పిస్టన్ కిందికి దిగుతూ ఎగ్జాస్ట్ రంధ్రం తెరిచిన క్షణాన సిలిండర్‌లోని ఒత్తిడి ఒక్కసారిగా పైపులోకి తన్నుకొస్తుంది. పొగ కన్నా ముందు ఆ ఒత్తిడి అల పరుగెత్తుతుంది. విప్పారే కోనులోకి చేరేసరికి దారి వెడల్పవుతుంది. అలా వెడల్పయ్యే ప్రతిచోటా అలలో కొంత భాగం తిరగబడి, పీల్చుడు అలగా మారి సిలిండర్ వైపు వెనక్కి వస్తుంది. అది రంధ్రం దగ్గరికి చేరేసరికి మిగిలిన పొగను బయటికి లాగేస్తుంది. పొగతోపాటు కింద నుంచి కొత్త మిశ్రమాన్ని కూడా సిలిండర్‌లోకి లాగుతుంది. లాగడం ఎక్కువై ఆ కొత్త మిశ్రమంలో కొంత బెండు పైపులోకి కూడా ఒలికిపోతుంది.

రెండో కోను పని ఇక్కడే మొదలవుతుంది. ముందుకు సాగిన అలలో మిగిలిన భాగం సన్నబడే గోడకు తగిలి, ఈసారి నెట్టుడు అలగానే వెనక్కి తిరుగుతుంది. దిగుడు బావిలో వేసిన కేక అడుగు గోడకు తగిలి మనకే తిరిగి వినిపించినట్టు. ఆ అల రంధ్రం మూసుకునే ముందు సరిగ్గా చేరుకుంటే, బెండు పైపులోకి ఒలికిన మిశ్రమాన్ని మళ్లీ సిలిండర్‌లోకి తోసేస్తుంది. వెంటనే పిస్టన్ రంధ్రం మూసేస్తుంది. సిలిండర్ తన సైజుకు మించి నిండినట్టవుతుంది. టర్బో లేకుండా, కదిలే భాగం ఒక్కటీ లేకుండా, వంచిన రేకు మాత్రమే చేసే పని ఇది. మోటారు సైకిల్ చరిత్రలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత లాభం ఇచ్చిన ఆలోచనలు అరుదు.

చిక్కంతా సమయంలో ఉంది. అల ముందే వస్తే మిశ్రమం ఇంకా ఒలకకముందే వచ్చి పోతుంది. ఆలస్యమైతే రంధ్రం అప్పటికే మూసుకుని ఉంటుంది. అందుకే ట్యూన్ చేసిన ప్రతి పైపుకూ ఒక వేగం దగ్గరే ప్రాణం. ఆ వేగం అందుకోగానే బండి ఒక్కసారిగా ముందుకు ఎగురుతుంది. ఆర్‌డీ, అంటే రాజ్‌దూత్ 350, నడిపినవాళ్లు చెప్పుకునే ఆ ఎగురుడు ఈ అల సమయానికి చేరుకున్న గుర్తే.

పొడవు లెక్క

పైపు పొడవును లెక్కగట్టడం కష్టమేమీ కాదు. 1973లో వచ్చిన గోర్డన్ జెన్నింగ్స్ పుస్తకం 'టూ స్ట్రోక్ ట్యూనర్స్ హ్యాండ్‌బుక్' ఈ లెక్కను మెకానిక్‌లకు అందుబాటులోకి తెచ్చింది. ఒక ఉదాహరణ చూద్దాం. ఎగ్జాస్ట్ రంధ్రం క్రాంక్ 180 డిగ్రీలు తిరిగేంతసేపు తెరిచి ఉంటుందనుకుందాం. ఇంజన్ నిమిషానికి 7,500 చుట్లు తిరుగుతోంది. అంటే చుట్టుకు 8 మిల్లీసెకన్లు, రంధ్రం తెరిచి ఉండేది 4 మిల్లీసెకన్లు. వేడి పొగలో అల వేగం సెకనుకు సుమారు 518 మీటర్లు. 4 మిల్లీసెకన్లలో అది 2 మీటర్ల 7 సెంటీమీటర్ల దూరం పోతుంది. వెళ్లి రావాలి కాబట్టి సగం తీసుకుంటే 1,036 మిల్లీమీటర్లు. పిస్టన్ ముఖం నుంచి వెనుక కోను నడుమ దాకా ఉండాల్సిన దూరం అది. మధ్యగీత వెంట, వంపుల్లో కూడా టేపును తిప్పుతూ కొలవాలి.

అదే ఇంజన్ 8,500 చుట్ల దగ్గర లాగాలంటే పొడవు 914 మిల్లీమీటర్లకు తగ్గాలి. వెయ్యి చుట్ల తేడాకు అయిదంగుళాల లోపు రేకు. పైపును పొట్టి చేస్తే పై వేగంలో బలం వస్తుంది, కింది వేగంలో పోతుంది. పొడుగు చేస్తే దానికి తలకిందులు. సిరిసిల్లలో బట్టల మూట వెనక కట్టుకుని పోయే బండికీ, ఖాళీ రోడ్డు మీద పందెం కోసం ఉరికే బండికీ ఒకే పైపు పనికిరాదన్నమాట.

కోనుల వాలుకూ పద్ధతి ఉంది. ముందు కోను మెల్లగా విప్పారితే పీల్చుడు అల బలం తగ్గినా ఎక్కువసేపు ఉంటుంది, బండి విశాలమైన వేగాల్లో లాగుతుంది. నిటారుగా విప్పారితే అల బలంగా, కొద్దిసేపే ఉంటుంది. వెనుక కోను వాలు ముందుదానికన్నా ఎక్కువ. తోక పైపు లోపలి వ్యాసం బెండు పైపు వ్యాసంలో 58 నుంచి 62 శాతం ఉండాలని జెన్నింగ్స్ సూచన. 38 మిల్లీమీటర్ల బెండు పైపుకు 22 నుంచి 23.5 మిల్లీమీటర్ల తోక. తోక మరీ సన్నమైతే వేడి లోపలే నిలిచి పిస్టన్ నెత్తి కరుగుతుంది. మరీ వెడల్పయితే పైపులో ఉండాల్సిన ఒత్తిడి జారిపోయి అల బలహీనమవుతుంది.

ఇది ఎక్కడ పుట్టింది

ఈ విద్యను పదునెక్కించినవాడు తూర్పు జర్మనీ ఇంజనీర్ వాల్టర్ కాడెన్. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పీనెమ్యుండె ఆయుధ కేంద్రంలో పనిచేసిన ఆయన, 1950ల్లో చోపావు పట్టణంలోని ఎంజెడ్ కంపెనీ రేసింగ్ విభాగాన్ని నడిపాడు. యుద్ధానికి ముందు టూ స్ట్రోక్‌కు పేరుగాంచిన డీకేడబ్ల్యూ ఫ్యాక్టరీ ఉన్న ఊరు అదే. డబ్బు లేదు, మంచి లోహం దొరకదు. అలాంటి చోట ఆయన పైపులోని అలలను కొలిచి, ఇంజన్‌కు సరిపడేట్టు కోనులు దిద్దాడు. 1961 నాటికి ఎంజెడ్ 125 సీసీ ఇంజన్ 25 హార్స్‌పవర్ ఇచ్చింది. లీటరు సైజుకు లెక్కేస్తే 200 హార్స్‌పవర్. గాలిని బలవంతంగా నింపని ఇంజన్లలో అప్పటిదాకా ఏదీ అందుకోని మెట్టు అది.

అదే ఏడాది కాడెన్ జట్టు రేసర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ స్వీడన్ పోటీకి వెళ్లి, అక్కడి నుంచి పడమటి దేశాలకు తప్పించుకుపోయాడు. తెలిసిన విద్యంతా జపాన్ సుజుకీ కంపెనీ చేతిలో పెట్టాడు. 1962లో సుజుకీ బండి మీద 50 సీసీ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. తర్వాతి ఇరవై ఏళ్లలో జపాన్ కంపెనీలు లోకమంతా అమ్మిన టూ స్ట్రోకుల వెనుక ఈ పాఠం ఉంది. 1985లో మన దేశంలోకి వచ్చిన ఆర్ఎక్స్ 100, 98 సీసీతో 7,500 చుట్ల దగ్గర 11 హార్స్‌పవర్ ఇచ్చిందంటే, మామూలు సైలెన్సర్ లాగా కనిపించే దాని పైపు లోపలి కోనులకు అందులో వాటా ఉంది. రేసింగ్ కోసం నేర్చిన కిటుకు పాల క్యాన్లు మోసే బండి దాకా వచ్చింది.

రేకు పని

కోను చేయడం తగరపు పని తెలిసినవాళ్లకు కొత్త కాదు. పాల గరాటుకూ ధాన్యం గరాటుకూ వాడే గీతల లెక్కే దీనికీ. 40 మిల్లీమీటర్ల నోటి నుంచి 100 మిల్లీమీటర్ల నోటికి, మొత్తం 8 డిగ్రీల వాలుతో విప్పారే కోను కావాలనుకుందాం. రేకు మీద ఒక బిందువు పెట్టి, దాని నుంచి 287 మిల్లీమీటర్ల దగ్గర ఒక వంపు గీత, 717 మిల్లీమీటర్ల దగ్గర ఇంకో వంపు గీత గీయాలి. ఆ రెండింటి మధ్య 25 డిగ్రీల ముక్క కత్తిరించి చుట్టి, అతుకు వెల్డింగ్ చేస్తే కోను తయారు. పొడవు 43 సెంటీమీటర్లు వస్తుంది. అతుకు కోసం అంచున రేకు వదిలితే ఆ మేరకు లెక్క మారుతుంది.

వెల్డింగ్ లోపలివైపు ముద్దగా దిగకూడదు. లోపల పొడుచుకొచ్చిన ప్రతి ముద్ద దగ్గరా అలలో కొంత వెనక్కి తిరుగుతుంది. బెండు పైపులో వంపు తిప్పాలంటే పైపును నేరుగా వంచకుండా, కోనును ముక్కలుగా అడ్డం కోసి, ముక్కను కాస్త తిప్పి అతికించడం రేసింగ్ మెకానిక్‌ల పద్ధతి. లోపలి వ్యాసం నలగకుండా ఉంటుంది. ఇంకో దారీ ఉంది. రెండు రేకులను ఒకే ఆకారంలో కత్తిరించి, అంచులు కలిపి వెల్డింగ్ చేసి, నడుమలోకి పంపుతో నీళ్లు ఎక్కిస్తారు. ఒత్తిడికి రేకులు ఉబ్బి పైపు ఆకారం తీసుకుంటాయి. అంచు వెల్డింగ్‌లో సూది మొనంత రంధ్రం ఉన్నా అక్కడి నుంచే నీరు చిమ్ముతుంది కాబట్టి అతుకు నాణ్యతకు అదే పరీక్ష.

రెండు పైపులే ఎందుకు

ఆర్‌డీ 350లో రెండు పిస్టన్లు 180 డిగ్రీల తేడాతో నడుస్తాయి. ఒకటి పైన ఉంటే ఇంకొకటి కింద. రెండు సిలిండర్ల పొగనూ ఒకే పైపులోకి పంపితే, ఒకదాని కోసం తిరిగివచ్చే అల ఉన్నచోటే రెండోదాని తన్నుడు అల తగులుతుంది. ఆ కలగలుపును కూడా లెక్కలోకి తీసుకుని వై ఆకారపు కలుపు పైపుతో ఒకే చాంబర్ పెట్టొచ్చు. స్నోమొబైల్ కంపెనీలు బరువు, చోటు, ఖర్చు తగ్గుతాయని చాలా బండ్లకు అలాగే పెడతాయి. సిలిండర్‌కొక పైపు పెడితే మాత్రం ఒక్కో సిలిండర్ తన అలను తానే అందుకుంటుంది, పై వేగంలో బలం పెరుగుతుంది. కొండ రైడర్లు కంపెనీ సింగిల్ పైపు విప్పి జంట పైపులు వేసుకోవడం ఆ బలం కోసమే.

జంటలో కీలకం సమానత్వం. స్నోమొబైల్ ముక్కులో చోటు ఇరుకు. ఒక పైపు ఒక రకంగా, రెండోది ఇంకో రకంగా వంకలు తిరగక తప్పదు. అయినా మధ్యగీత పొడవులు రెండూ సమానంగా ఉండాలి. తేడా వస్తే ఒక సిలిండర్ ముందు ఎగురుతుంది, రెండోది వెనకబడుతుంది. ఆ వెనకబడిన సిలిండర్‌ను ముందుది ఈడ్చుకుపోతుంది. ఆర్‌డీలో వంకలు తక్కువ, ఈ బాధా తక్కువే. అక్కడ తేడా వచ్చేది రెండు కార్బొరేటర్ల దగ్గర. యాక్సిలరేటర్ తిప్పితే వాటిలో గాలి దారి తెరిచే రెండు స్లైడులూ ఒకే క్షణంలో, ఒకే ఎత్తుకు లేవాలి. కేబుల్‌లో వెంట్రుకవాసి తేడా ఉన్నా పైపులు ఎంత బాగున్నా ఇంజన్ కుంటుతుంది. కాబట్టి పైపుల మీద చెయ్యి వేసే ముందు కేబుళ్లు సరిచేయడం వరస.

జావాలో లెక్క వేరు. సిలిండర్ ఒకటే కాబట్టి రెండు పైపుల్లో ఒకటి కార్బన్‌తో మూసుకుపోయినా బండి నడుస్తూనే ఉంటుంది, పొగంతా రెండోవైపు మళ్లుతుంది. యజమానికి వెంటనే తెలియదు. బండి స్టార్ట్ చేసి రెండు సైలెన్సర్ల వెనుకా కాస్త దూరంలో అరచేయి పెట్టి చూస్తే తెలిసిపోతుంది. రెండుచోట్లా తన్నుడు ఒకేలా ఉండాలి.

మూడు వేల మీటర్ల ఎత్తు, నలభై అయిదు డిగ్రీల ఎండ

మంచు కొండల స్నోమొబైల్‌కు అసలు శత్రువు పలచటి గాలి. సముద్రమట్టంతో పోలిస్తే 3,000 మీటర్ల ఎత్తున గాలి సాంద్రత సుమారు నాలుగో వంతు తక్కువ. గాలి తగ్గినా పెట్రోలు అంతే వస్తే మిశ్రమం చిక్కనవుతుంది, ఇంజన్ మూలుగుతుంది. మిశ్రమం చిక్కనైతే పొగ చల్లబడుతుంది, చల్లని పొగలో అల నెమ్మదిస్తుంది. సముద్రమట్టం దగ్గర 8,000 చుట్లకు ట్యూన్ చేసిన పైపు అక్కడ ఇంకా తక్కువ వేగం దగ్గరే పలుకుతుంది. పైపు మీద మంచు పొడి పడినా అదే జరుగుతుంది. చల్లని పైపుతో బయల్దేరిన రైడర్‌కు అది కాగేదాకా పూర్తి బలం దొరకదు. పొగ ఉష్ణోగ్రత 400 నుంచి 550 డిగ్రీలకు పెరిగితే అల వేగం పదో వంతు పెరుగుతుంది. పొడవు మిల్లీమీటరు కూడా మారకుండానే పైపు ట్యూనింగ్ దాదాపు 800 చుట్లు పైకి జరిగినట్టు. వేడిని లోపలే పట్టి ఉంచడానికి పైపుకు సిరామిక్ పూత వేసేది అందుకే.

మన దేశంలో ఇలాంటి బండి చూడాలంటే గుల్‌మార్గ్ పోవాలి. అక్కడ పర్యాటకులను ఎక్కించుకుని తిరిగే స్నో స్కూటర్లు 2,600 మీటర్లకు పైన పనిచేస్తాయి. జగిత్యాల ప్రాంతం సముద్రమట్టానికి మూడొందల మీటర్ల అటూ ఇటూ ఎత్తులో ఉంటుంది. ఎత్తు సమస్య మనకు లేదనిపిస్తుంది. ఎండ సమస్య ఉంది. తెలంగాణలో మే నెల ఉష్ణోగ్రతలు ఎక్కువగా నమోదయ్యే జిల్లాల్లో జగిత్యాల ఒకటి. 45 డిగ్రీలు దాటడం అక్కడ వింత కాదు. చలికాలం తెల్లవారుజామున 12 డిగ్రీలు ఉన్నప్పటితో పోలిస్తే 45 డిగ్రీల మధ్యాహ్నం గాలి సాంద్రత పదో వంతు తగ్గుతుంది. ఇంజన్ దృష్టిలో అది వెయ్యి మీటర్లకు పైగా కొండెక్కడంతో సమానం. కోరుట్ల బస్టాండ్ ముందు నిలబడ్డ బండి ఏటా జనవరి నుంచి మే లోపు, చక్రం కదలకుండానే, ఒక కొండ ఎక్కి ఉంటుంది.

ఇక్కడే ఇంజన్లు పోయేది. మే నెలలో మిశ్రమం చిక్కనై బండి బరువుగా లాగుతుంటే కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే మెయిన్ జెట్టు చిన్నది వేయిస్తారు. బండి తేలికపడుతుంది. డిసెంబర్ చలికి గాలి చిక్కబడుతుంది, అదే చిన్న జెట్టుతో మిశ్రమం పలచబడుతుంది. పలచటి మిశ్రమం ఎక్కువ వేడిగా మండుతుంది, పెట్రోలులోనే ఆయిల్ కలిపి పోసే బండిలో అయితే ఆయిల్ కూడా తక్కువే. పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద ఫుల్ యాక్సిలరేటర్‌లో పోతుండగా పిస్టన్ బోరుకు పట్టేసి వెనక చక్రం బిగుసుకుపోతుంది. జెట్టు ఎప్పుడూ చలికాలానికి సరిపడేది వేసుకుని, ఎండాకాలంలో కాస్త బలం తగ్గినా ఓర్చుకోవడం మేలు. పైపు మార్చినప్పుడు ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. మంచి పైపు ఎక్కువ గాలిని లాగుతుంది కాబట్టి సాధారణంగా పెద్ద జెట్టు అవసరమవుతుంది. మార్చిన తర్వాత ప్లగ్ విప్పి రంగు చూడాలి. లేత గోధుమ రంగైతే సరే. తెల్లబడితే మిశ్రమం పలచన, నల్లగా తడిగా ఉంటే చిక్కన. రెండు సిలిండర్ల బండిలో రెండు ప్లగ్గులూ పక్కపక్కన పెట్టి చూడాలి. రంగుల్లో తేడా ఉంటే ఆ జంట ఇంకా కుదరలేదు.

స్నోమొబైల్‌కు ఉన్న ఒక వెసులుబాటు మోటారు సైకిల్‌కు లేదు. దానికి గేర్లుండవు. బెల్టు క్లచ్ ఇంజన్‌ను ఎప్పుడూ ఒకే వేగం దగ్గర, సుమారు 8,000 చుట్ల దగ్గర నిలిపి ఉంచి, బండి వేగాన్ని తను మారుస్తుంది. అందుకే దాని పైపును ఇరుకైన వేగానికి పదునుగా ట్యూన్ చేయొచ్చు. గేరు మార్చిన ప్రతిసారీ వేగం పడిపోయే ఆర్‌డీకి అంత పదును పనికిరాదు. ఆరు గేర్లు ఇచ్చింది ఆ ఇరుకును దాటడానికే. స్నోమొబైల్ పైపు కొలతలను చూసి మోటారు సైకిల్‌కు పైపు చేయిస్తే, జగిత్యాల జిల్లాలోని కొండగట్టు ఘాట్ రోడ్డు మీద రెండో గేరులో బండి ఊపిరాడక నిలబడిపోతుంది.

కార్బన్, జాలి

టూ స్ట్రోక్ పొగలో ఆయిల్ ఉంటుంది. పాత జావాకు పెట్రోలులోనే లీటరుకు 40 మిల్లీలీటర్ల చొప్పున ఆయిల్ కలిపి పోసేవారు. ఆ ఆయిల్ మండి, మండక పైపు గోడకూ జాలికీ నల్లని పొరగా పడుతుంది. కొన్నాళ్లకు జాలి రంధ్రాలు మూసుకుంటాయి, తోక ఇరుకవుతుంది, వేడి పెరుగుతుంది. జాలి విప్పి కాల్చడం లేదా కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టడం పాత పద్ధతి. కాల్చితే క్రోమ్ రంగు మారుతుంది కాబట్టి విడిగా తీసిన జాలినే కాల్చాలి. కాస్టిక్ సోడా అల్యూమినియంను తినేస్తుంది, చర్మాన్నీ కళ్లనూ కాలుస్తుంది. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా దాని దగ్గరికి పోకూడదు. పని అయ్యాక పైపును మంచినీళ్లతో కడిగి ఆరనివ్వాలి.

జాలి శుభ్రం చేయడం వేరు, తీసేయడం వేరు. కుర్రవాళ్లు చాలామంది ఆర్ఎక్స్ 100 జాలి పీకేసి, చప్పుడు పెరిగింది కాబట్టి బలం పెరిగిందనుకుంటారు. జరిగేది వేరు. ఆ సైలెన్సర్ జాలిని కలుపుకునే ట్యూన్ అయి ఉంది. అది పోతే పైపులో నిలవాల్సిన ఒత్తిడి పోతుంది, కింది వేగాల్లో లాగుడు పడిపోతుంది, మిశ్రమం పలచబడి పిస్టన్‌కు ప్రమాదం వస్తుంది. చెవికి వినిపించే బలాన్ని స్టాప్‌వాచ్ పట్టుకుని ఎవరైనా కొలిచి చూడొచ్చు. పొలాల్లో మందు కొట్టే టూ స్ట్రోక్ పవర్ స్ప్రేయర్లకూ ఇదే మాట. వాటి సైలెన్సర్ విప్పి నడపడం వల్ల వీపున మోసే రైతు చెవికి నష్టం తప్ప లాభం లేదు.

కొండగట్టు దగ్గర నాచుపల్లిలో 2007 నుంచి జేఎన్‌టీయూ హైదరాబాద్ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. ధ్వని అలలు, ఉష్ణం, రేకు పని అన్నీ ఒకేచోట కలిసే పాఠం మెకానికల్ విద్యార్థికి ఇంతకన్నా చవకగా దొరకదు. ఒక పాత సైలెన్సర్‌ను పొడవునా కోసి బల్ల మీద పెడితే చాలు.

గల్ఫ్ ఇసుక, కొత్త బండ్లు, చట్టం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల నుంచీ చుట్టుపక్కల పల్లెల నుంచీ దశాబ్దాలుగా గల్ఫ్‌కు వలస ఉంది. అక్కడి ఇసుక దిబ్బల మీద జంట పైపుల టూ స్ట్రోక్ ఇంకో రూపంలో పేరు తెచ్చుకుంది. యమహా బాన్షీ అనే నాలుగు చక్రాల బండి ఆర్‌డీ 350 వంశంలోదే. నీళ్లతో చల్లబడే 347 సీసీ, రెండు సిలిండర్లు, రెండు పైపులు. అమెరికాలో 1987 నుంచి 2006 దాకా అమ్మారు. ఎడారి వేడి జగిత్యాల ఎండకు ఏమీ తీసిపోదు కాబట్టి దాని జెట్టింగ్ కష్టాలూ మన ఆర్‌డీ కష్టాలూ ఒకటే.

మన రోడ్ల మీద టూ స్ట్రోక్‌ను వెనక్కి నెట్టింది పొగ. కాలకుండా జారిపోయే పెట్రోలు, ఆయిల్ పొగ రెండూ 1996, 2000 ఉద్గార నిబంధనల ముందు నిలవలేకపోయాయి. ఆర్ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగింది. 2018లో మళ్లీ వచ్చిన జావా సిలిండర్ ఒకటే, ఫోర్ స్ట్రోక్, కానీ పాత బండి గుర్తుగా సైలెన్సర్లు రెండు. అదే ఏడాది వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ 650కి రెండు సిలిండర్లు, రెండు సైలెన్సర్లు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న బీఎస్ 6 నిబంధన కింద ఇలాంటి బండ్ల పైపులో కెటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్ ఉంటాయి. పైపు మారిస్తే ఆ రెండింటి లెక్కా తప్పుతుంది.

చట్టం సంగతి సూటిగా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన తీరును మార్చకూడదు. 2019 సవరణ తర్వాత అలా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు రూ. 5,000 జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ రెండూ గానీ పడొచ్చు. శబ్ద, కాలుష్య పరిమితులు దాటితే 190(2) సెక్షన్ కింద మొదటిసారికే రూ. 10,000 దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు లేదా రెండూ. తెలంగాణ జిల్లాల్లో పోలీసులు చప్పుడు సైలెన్సర్లను విప్పించి, నడిరోడ్డు మీద వరసగా పేర్చి రోడ్డు రోలర్‌తో తొక్కించడం తరచూ జరిగేదే. రాత్రి షిఫ్టు ముగించుకుని పడుకున్న మరమగ్గాల కార్మికుడి నిద్ర గురించి ఆలోచిస్తే ఆ కఠినత్వాన్ని తప్పుపట్టలేం. రోడ్డు మీద తిరిగే పాత బండికి సరైన ట్యూనింగ్ అంటే కంపెనీ కొలతల పైపును దాని అసలు స్థితికి తేవడమే. సొంత కొలతల పైపులు రేసింగ్ ట్రాక్‌కు పరిమితం.

ఏపీ 15 నంబర్ ఉన్న జావా, ఆర్‌డీ యజమానులకు ఈ మాట మరీ ముఖ్యం. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి రిజిస్ట్రేషన్ అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. అప్పుడు ఫిట్‌నెస్ పరీక్షలో పొగా శబ్దమూ రెండూ చూస్తారు. అందుకే పాత జంట సైలెన్సర్లు తుప్పు పట్టాయని తూకానికి అమ్మేయకూడదు. జాలి శుభ్రం చేయించి, రంధ్రాలు పడ్డచోట అదే మందం రేకుతో అతుకు వేయించి, కుడి పైపు కుడికే, ఎడమ పైపు ఎడమకే గుర్తు పెట్టి దాచుకోవాలి.